పాత పుస్తకం చేతికొచ్చాక: కొనే ముందు చూడాల్సినవి, అమ్మే ముందు రాయాల్సినవి

పాత పుస్తకం కొనేటప్పుడు ఏం చూడాలని కొందరు అడుగుతారు, అమ్మేటప్పుడు వివరాలు ఎలా రాయాలని ఇంకొందరు అడుగుతారు. రెండిటికీ చేసే పని ఒక్కటే. డబ్బు చేతులు మారకముందే, ఆ పుస్తకాన్ని మీరే ఇంకొకరికి అమ్మబోతున్నట్టు వర్ణన రాసుకోండి. రాయడం మొదలుపెట్టాకే కళ్లు లోపాలను పట్టుకుంటాయి. కింద చెప్పే వరుసంతా అందుకోసమే.

## 1. ముందు సిద్ధం కావలసినవి

ఎందుకు కొంటున్నారో ముందే తేల్చుకోండి. చదువుకోవడానికైతే పేజీలన్నీ ఉంటే చాలు, అట్ట వెలిసిపోయినా, ఎవరో పేరు రాసుకున్నా ఫరవాలేదు. సేకరణకైతే ఏ ముద్రణ, ఎలాంటి స్థితి అన్నవే ముఖ్యం. ఈ రెండూ కలిపేసుకున్నవాళ్లే చదివే ప్రతికి సేకరణ ధర పెట్టి కొంటారు.

దగ్గర ఉండాల్సినవి:

- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- చిన్న స్కేలు
- అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి
- మెత్తటి బ్రష్షు
- మెత్తటి పెన్సిలు, నోటుపుస్తకం (పెన్ను వద్దు)
- ఫోను

చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. నూలు చేతి తొడుగులు వద్దు. వాటితో కాగితం అంచు వేలికి తెలియదు, పేజీ చిరుగుతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. 19వ శతాబ్దం నాటి, కొట్టొచ్చినట్టుండే ఆకుపచ్చ గుడ్డ బైండింగుల్లో కొన్నింటికి ఆర్సెనిక్ అనే విషం ఉన్న రంగు వాడారు. అమెరికాలోని వింటర్‌థర్ మ్యూజియం 2019 నుంచి ఇలాంటి పుస్తకాలను పరీక్షించి జాబితా కడుతోంది. 2024లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం ఇదే అనుమానంతో నాలుగు పుస్తకాలను అరల్లోంచి తీసేసింది. అలాంటిది చేతికొస్తే నైట్రైల్ తొడుగులు వేసుకోండి, జిప్ కవర్లో పెట్టండి, తర్వాత చేతులు కడుక్కోండి. బ్రష్షుతో దులపొద్దు.

## 2. ఏ ముద్రణో తేల్చుకోవడం

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడండి.

మాటలు వేరు చేసుకోండి. ఎడిషన్ అంటే ఒకసారి కూర్చిన అక్షరాలతో వచ్చిన ప్రతులన్నీ. ముద్రణ అంటే అందులో ఒక విడత. తొలి ఎడిషన్‌కే పది ముద్రణలు ఉండొచ్చు. సేకర్తలు మామూలుగా "తొలి ఎడిషన్" అన్నప్పుడు తొలి ఎడిషన్ తొలి ముద్రణ అనే వాళ్ల ఉద్దేశం. మీరు రాసేటప్పుడు మాత్రం రెండూ విడివిడిగా రాయండి.

కాపీరైట్ పేజీ చదవండి. టైటిల్ పేజీ వెనక ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో ఆ వివరాలు చివరి పేజీలో ఉంటాయి. అక్కడ అంకెల వరస కనిపిస్తే అందులో మిగిలిన అతి చిన్న అంకె చూడండి. 10 నుంచి 1 దాకా అన్నీ ఉంటే మామూలుగా తొలి ముద్రణ. చిన్నది 4 అయితే నాలుగో ముద్రణ. అంకెలు వరసలో లేకపోవచ్చు, ఒకటి ఎడమవైపు, రెండు కుడివైపు పెట్టి మధ్యలోకి పేర్చేవాళ్లూ ఉన్నారు. చిన్న అంకె ఏదన్నదే లెక్క.

దీనికీ తిరకాసు ఉంది. రాండమ్ హౌస్ చాలా ఏళ్లపాటు తొలి ముద్రణలో "ఫస్ట్ ఎడిషన్" అన్న మాట పెట్టి, అంకెల వరసను 2 నుంచి మొదలుపెట్టేది. రెండో ముద్రణకి ఆ మాట తీసేసేది, అంకెలు అలాగే ఉండేవి. ఏ సంస్థకి ఆ సంస్థ పద్ధతి ఉంటుంది, అదీ కాలాన్ని బట్టి మారుతుంది. ఖరీదైన పుస్తకమైతే ఆ రచయిత గ్రంథసూచి (పుస్తకాల ముద్రణలన్నీ వివరించే జాబితా) చూడకుండా తేల్చేయకండి.

ప్రచురణకర్త పేరును మూడు చోట్ల పోల్చండి: టైటిల్ పేజీ, స్పైన్ (పుస్తకం వీపు), జాకెట్ (అట్ట మీద తొడిగే కాగితపు కవరు). గ్రాసెట్ అండ్ డన్‌లప్ లాంటి పునర్ముద్రణ సంస్థలు అసలు ప్రచురణకర్త ప్లేట్లతోనే అచ్చు వేసేవి. అందుకే కాపీరైట్ పేజీలో మొదటి సంవత్సరం మాత్రమే కనిపిస్తుంది. ఆ ఒక్క సంవత్సరాన్ని నమ్మి తొలి ముద్రణ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఐఎస్‌బిఎన్ ఏం చెబుతుంది. పుస్తకానికిచ్చే ఈ గుర్తింపు సంఖ్య అంతర్జాతీయ ప్రమాణం అయింది 1970లో. 1955 అని వేసి ఉన్న పుస్తకంలో ఐఎస్‌బిఎన్ కనిపిస్తే అది తర్వాతి ముద్రణే. పది అంకెల నుంచి పదమూడు అంకెలకు మారింది 2007 జనవరి 1న. అయితే వెనకట్ట బార్‌కోడ్ కింద 978తో మొదలయ్యే సంఖ్య అంతకు చాలా ముందునుంచే ఉంది, దాన్ని చూసి కంగారు పడకండి. ఇంకో సంగతి, ఒకే రూపంలో మళ్లీ అచ్చు వేస్తే ఐఎస్‌బిఎన్ మారదు. తొలి ముద్రణకీ పదో ముద్రణకీ అదే నంబరు. నంబరు కొట్టి వెతికితే వచ్చేది పుస్తకం పేరే కానీ, మీకు కావలసిన ముద్రణ కాదు.

బుక్ క్లబ్ ప్రతులు, అంటే క్లబ్బు సభ్యుల కోసం విడిగా అచ్చు వేసినవి. అచ్చం అసలు దానిలాగే ఉంటాయి. కాగితం పల్చగా, సైజు కాస్త చిన్నగా ఉండొచ్చు. జాకెట్ మీద ధర ఉండదు. కొన్నిటికి వెనకట్ట కింది భాగంలో, స్పైన్ దగ్గరగా, చిన్న చుక్కో చతురస్రమో గుచ్చినట్టు నొక్కి ఉంటుంది. అట్టను వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటేనే అది కనిపిస్తుంది. జాకెట్ ఫ్లాప్ (అట్ట లోపలికి మడిచే అంచు) మూల కత్తిరించి ఉంటే పోయింది ధరే అని అనుకోకండి, బుక్ క్లబ్ అన్న మాట కూడా కావచ్చు. అట్టా సైజూ చూశాకే ఒక మాట అనండి.

అచ్చు ఎప్పుడు వేశారు? పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అడిగినప్పుడల్లా ఒక్కో కాపీ వేసే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. చివరి పేజీలో చిన్న బార్‌కోడ్, అచ్చయిన చోటు, తేదీ ఉంటే అదే సంగతి. "1890 నాటి పుస్తకం" అని అమ్మేవాటిలో ఇవి కలుస్తుంటాయి.

## 3. బయటి నుంచి లోపలికి: చూసే వరుస

ప్రతిసారీ ఇదే వరుసలో చూడండి. వరుస మారితే ఏదో ఒకటి తప్పకుండా మర్చిపోతారు.

1. నిలబెట్టి పై నుంచి చూడండి. స్పైన్ ఒక పక్కకి ఒరిగిందా? అట్టలు వంగాయా?
2. స్పైన్ పై, కింది అంచులు. అరలోంచి వేలితో లాగేది అక్కడే కాబట్టి ముందు చిరిగేదీ అక్కడే. రంగు వెలిసిందో లేదో ముందట్టతో పోల్చి చూడండి.
3. మూడు అంచులు. కింది అంచున మార్కరు గీత ఉంటే అది మిగులు సరుకుగా తక్కువ ధరకు వదిలించుకున్న ప్రతి. తేమ గీతలు కూడా ఇక్కడే ముందు బయటపడతాయి.
4. అట్ట తెరిచే చోటు. అట్టను అరచేతిలో ఆనించి సగమే తెరవండి. బయటి మడత, లోపలి మడత రెండూ చూడండి. కాగితం చీలి లోపలి బట్ట కనిపిస్తుంటే రాసుకోండి.
5. ఎండ్ పేపర్లు, అంటే అట్ట లోపలివైపు, దాని పక్కన ఉండే ఆకులు. పేర్లు, ముద్రలు, లేబుళ్లు, చింపిన గుర్తులు. తెల్లకాగితం ఒకటి చింపేసి ఉంటే దాని మీద ఏముండేదో ఆలోచించండి. గ్రంథాలయ ముద్ర కావచ్చు.
6. పేజీలు, ఒక్కొక్కటిగా. దీనికి దారి దగ్గర లేదు.
7. వాసన. పాత కాగితం వాసన వేరు, చెమ్మ వాసన వేరు. ఆన్‌లైన్లో తెలియనిది ఇదొక్కటే, అందుకే అడిగి తీరాలి.

పేజీల తనిఖీ గురించి ఇంకాస్త చెప్పాలి. పేజీ నంబర్లు వరసగా ఉంటే చాలదు. బొమ్మల ఆకులకీ మడత మ్యాపులకీ చాలాసార్లు నంబరు ఉండదు, తీసేసినా వరస చెడదు. అందుకే బొమ్మల జాబితా తెరిచి పక్కన పెట్టుకుని, ఒక్కోటీ ఎదురుగా ఉండాల్సిన పేజీ దగ్గర ఉందో లేదో టిక్కు పెట్టండి. లేనిచోట కుట్టు దగ్గరికి వేలితో నెమ్మదిగా విప్పి చూడండి. బ్లేడుతో కోసిన ఆకుకి రెండు మూడు మిల్లీమీటర్ల అంచు మిగిలి ఉంటుంది. అయితే అలాంటి అంచు ఉన్న ప్రతిచోటా ఆకు పోయిందని కాదు. ముద్రణాలయమే తప్పుపోయిన ఆకు కోసి కొత్తది అంటించి ఉండొచ్చు. ముందూ వెనకా వాక్యం అతుకుతుందేమో చదివితే తేలిపోతుంది.

చేతిముద్రణ కాలం నాటి ఐరోపా పుస్తకాల్లో ప్రతి ఫారం (కలిపి మడిచి కుట్టిన ఆకుల కట్ట) మొదటి పేజీ కింద వరసగా ఒక అక్షరం ఉంటుంది. వాళ్లు 23 అక్షరాల లాటిన్ వరసనే వాడేవాళ్లు. జె, యు, డబ్ల్యు లేవని ఫారాలు పోయాయనుకోకండి.

గ్రంథాలయ ముద్ర ఉండి, "తొలగించినది" అన్న ముద్ర లేని అరుదైన పుస్తకం కనిపిస్తే ఆగండి. ఆ గ్రంథాలయాన్ని అడగండి. అంతర్జాతీయ పాత పుస్తక విక్రేతల సమాఖ్య ఐఎల్ఏబి, పోయిన పుస్తకాల రిజిస్టరు నడుపుతోంది, అందులోనూ వెతకండి. చవగ్గా వస్తోందని తీసుకుంటే తర్వాత పుస్తకమూ డబ్బూ రెండూ పోతాయి.

## 4. జాకెట్, సంతకం: అసలువేనా?

20వ శతాబ్దపు నవలల తొలి ముద్రణల్లో ధర ఎక్కువగా జాకెట్‌కే పలుకుతుంది. అందుకే నకళ్లూ దానికే ఎక్కువ.

నకలు జాకెట్ తప్పు కాదు, నకలు అని చెప్పకపోవడం తప్పు. భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి. పాత అచ్చులో గట్టి రంగు అక్షరం అంచు శుభ్రంగా ఉంటుంది. స్కాన్ చేసి వేసినదాంట్లో నల్ల అక్షరం కూడా రంగు చుక్కలుగా విడిపోతుంది. తర్వాత గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడుకలోకి వచ్చింది సుమారు 1950 నుంచి. 1930 నాటి జాకెట్ నీలి తెలుపుతో మిరుమిట్లు గొలిపితే అది ఆ కాలపు కాగితం కాదు. మెరవనంత మాత్రాన అసలుదని మాత్రం రుజువు కాదు.

కాగితాన్ని సాక్ష్యంగా నిలబెట్టి చూడటం మీరు తేలిగ్గా తీసుకోకూడని పని. పేరుమోసిన ఆంగ్ల పుస్తక సేకర్త థామస్ వైజ్ అమ్మిన పాత కరపత్రాలు నకిలీవని పుస్తక విక్రేతలు జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ 1934లో బయటపెట్టింది కాగితాన్నీ, అచ్చు అక్షరాలనూ పరీక్షించే.

ఇంకొకటి, జాకెట్ వేరే ప్రతిది అయి ఉండొచ్చు. జాకెట్ చిరిగి వెలుతురు లోపలికి పడే చోట్లు, అట్ట మీద వెలిసిన చోట్లు ఒకదానికొకటి సరిపోతున్నాయా? జాకెట్ స్పైన్ కింద పెద్ద చిరుగు ఉండి, అక్కడే అట్ట కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి.

సంతకానికి:

- భూతద్దంతో చూస్తే సిరా కాగితం పీచులోకి పాకిందా? చుక్కలు కనిపిస్తే అది అచ్చు వేసిన సంతకం.
- సంతకం ఆ పుస్తకం ఆకు మీదే ఉందా, వేరే ఆకు అంటించారా, లేబుల్ మీద చేశారా? మూడూ వేర్వేరు. ఏదో రాయాలి.
- పెన్ను కాలానికి సరిపోతుందా? బాల్‌పెన్ను మార్కెట్లోకి వచ్చింది 1940లలో. 1932 తేదీ వేసి బాల్‌పెన్నుతో చేసిన సంతకం గురించి చర్చే అక్కర్లేదు.
- గీత ఒకే ఒత్తిడితో, ఎక్కడా వేగం మారకుండా ఉంటే యంత్రంతో చేసినదేమో చూడండి.

నిజనిర్ధారణ పత్రం ఇచ్చారని సంతకాన్ని నమ్మకండి. ఆ పత్రం ఎవరు ఇచ్చారన్నదే ప్రశ్న.

## 5. గ్రేడు వేయడం

1949లో ఎబి బుక్‌మ్యాన్స్ వీక్లీ అనే అమెరికా పాత పుస్తక వ్యాపార పత్రిక ప్రతిపాదించిన వరుసనే కాస్త అటూ ఇటూగా ఇప్పటికీ వాడుతున్నారు.

- యాజ్ న్యూ: అచ్చయి వచ్చినట్టే.
- ఫైన్: కొత్తదనం కాస్త తగ్గింది, చెప్పుకోదగ్గ లోపం లేదు.
- వెరీ గుడ్: వాడినట్టు తెలుస్తుంది, చిరుగులు లేవు. ఉన్న లోపం ఏదైనా రాయాలి.
- గుడ్: బాగా వాడినది, కానీ పేజీలన్నీ ఉన్నాయి.
- ఫెయిర్: చదవాల్సిన పేజీలన్నీ ఉన్నాయి, ఎండ్ పేపర్లో, టైటిల్ పేజీకి ముందుండే ఆకో లేకపోవచ్చు. లేనిది చెప్పాలి.
- పూర్: చదవడానికి మాత్రమే పనికొస్తుంది.

కొత్తగా కొనేవాళ్లు దెబ్బతినేది "గుడ్" దగ్గర. ఆ గ్రేడు పుస్తకం నలిగి, వదులుగా ఉంటుంది. ఆన్‌లైన్లో గుడ్ అని చూసి ఆర్డరు పెట్టి తర్వాత తగువు పడకండి.

గ్రేడు రెండు భాగాలుగా రాస్తారు. గీతకి ముందుది పుస్తకానికి, తర్వాతది జాకెట్‌కి. "వెరీ గుడ్/గుడ్" అంటే జాకెట్ ఒక మెట్టు తక్కువ. "వయసుకు తగ్గట్టు బాగుంది" అన్నది గ్రేడు కాదు. వంద ఏళ్ల పుస్తకానికీ పదేళ్ల పుస్తకానికీ కొలమానం ఒకటే. రెండు గ్రేడుల మధ్య ఊగుతుంటే కిందిది వేయండి. పార్శిలు విప్పినవాడు అనుకున్నదానికన్నా మెరుగ్గా ఉంటే మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

## 6. వర్ణన రాయడం

ఇలా రాసేవాళ్లు కోకొల్లలు:

> అరుదైన పాత పుస్తకం. వయసుకు తగ్గట్టు చాలా బాగుంది. సేకర్తలు వదులుకోకూడనిది.

ఇందులో ఒక్క సమాచారం లేదు. అదే పుస్తకం ఇలా రాయొచ్చు:

> రచయిత పేరు. పుస్తకం పేరు. ప్రచురణకర్త, ఊరు, 1958. తొలి ఎడిషన్, తొలి ముద్రణ. కాపీరైట్ పేజీలో ఆ మాట ఉంది, తర్వాతి ముద్రణల ప్రస్తావన లేదు. 312 పేజీలు, నంబరు లేని 6 బొమ్మల ఆకులు, 1 మడత మ్యాపు, అన్నీ సరిచూశాను. ఎత్తు 21.5 సెం.మీ. నీలం గుడ్డ బైండింగ్, స్పైన్ మీద బంగారు అక్షరాలు.
>
> పుస్తకం వెరీ గుడ్: స్పైన్ రెండు చివరలూ కాస్త నలిగాయి. ముందు ఎండ్ పేపర్ మీద సిరాతో పేరు, 1960 తేదీ. మొదటి పది పేజీల్లో అక్కడక్కడ గోధుమ మచ్చలు. 113–114 ఆకు పై మూల 1 సెం.మీ. మడత పడింది, అక్షరాలకు నష్టం లేదు. కుట్టు గట్టిగా ఉంది, చెమ్మ వాసన లేదు.
>
> జాకెట్ గుడ్: ధర ఉంది. స్పైన్ ఎండకు వెలిసింది. వెనక 3 సెం.మీ. చిరుగు, లోపలివైపు పాత టేపు.

వరుస గమనించండి: పుస్తకం ఏది, ఏ ముద్రణ, ఎలా తెలిసింది, ఏమేం ఉన్నాయి, ఏం చెడిపోయింది. "ఎలా తెలిసింది" అన్న ముక్కే అమ్మేవాడి మీద నమ్మకం కలిగించేది. లోపానికి చోటూ కొలతా ఇవ్వండి. "చిన్న చిరుగు" అంటే మీకు చిన్నది, కొన్నవాడికి కాదు.

"అరుదైన" అన్న మాట తీసేసినా అమ్ముడుపోయే పుస్తకానికి ఆ మాట అవసరం లేదు. మిగతావాటికి అది అబద్ధం.

ఫోటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ముందట్ట, వెనకట్ట, స్పైన్, జాకెట్ ఫ్లాపులు, టైటిల్ పేజీ, కాపీరైట్ పేజీ, ఆపైన మీరు రాసిన ప్రతి లోపం. వేరే చోట దొరికిన ఫోటో పెట్టకండి.

## 7. దూరం నుంచి కొనేటప్పుడు అడగవలసినవి

- కాపీరైట్ పేజీ ఫోటో పంపగలరా?
- ఫోటోలో ఉన్నది నాకొచ్చే ప్రతేనా?
- పేజీలు, బొమ్మలు, మ్యాపులు లెక్క చూశారా?
- జాకెట్ అసలుదేనా? ధర కత్తిరించారా?
- గీతలు, ముద్రలు, లేబుళ్లు ఉన్నాయా?
- చెమ్మ వాసన, పొగ వాసన ఉందా?
- చెప్పినట్టు లేకపోతే తిరిగి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో?

ధర పోల్చేటప్పుడు జనం అడుగుతున్న ధరలు కాదు, అమ్ముడుపోయిన ధరలు చూడండి. ఏళ్ల తరబడి అమ్ముడుపోని పుస్తకం ధర ఎంత ఉన్నా అది ధర కాదు. అదే ముద్రణ, అదే స్థితి, జాకెట్ ఉందా లేదా అన్నవి కలిస్తేనే పోలిక.

## 8. చేయకూడని మరమ్మతులు, చేయదగినవి

చిరుగుకి సెల్లోటేపు: వద్దు. జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది. పాత టేపు ఉంటే పీకకండి, ఉందని రాయండి.

పెన్సిలు గీతలు: మెత్తటి తెల్ల రబ్బరుతో, మధ్య నుంచి అంచువైపు ఒకే దిశలో తుడవండి. పెళుసు కాగితం జోలికి వెళ్లకండి. పేరున్న మనిషి రాసుకున్న గీతలేమో ముందు చూసుకోండి.

ధర స్టిక్కరు: గోకవద్దు. రాకపోతే వదిలేసి వర్ణనలో చెప్పండి.

పురుగులు: పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించి, ఇంటి ఫ్రీజరులో సున్నాకు 18 డిగ్రీలు తక్కువలో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పవద్దు, ఒక రోజు ఆగండి. లేకపోతే తడి పుస్తకం మీదే పేరుకుంటుంది. తోలు బైండింగులకి, ఫోటోలు అంటించినవాటికి ఈ పద్ధతి వాడకండి.

బూజు: ఫ్రీజరుతో చావదు. మిగతా పుస్తకాల నుంచి ముందు వేరు చేయండి. పొడిగాలిలో ఆరనిచ్చి, పొడిబారాక మాస్కు వేసుకుని ఆరుబయట బ్రష్షుతో దులపండి. గాలిలో తేమ 65 శాతం దాటే చోట మళ్లీ పెడితే మళ్లీ వస్తుంది.

ఎర్ర పొడి రాలే తోలు: అది రెడ్ రాట్. తోలు పాలిషు, నూనె పూయకండి. ఆమ్లం లేని కాగితంతో చుట్టి ఉంచండి.

జాకెట్ కవరు: పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ తీసుకోండి. పీవీసీ వద్దు. టేపు కవరుకి వేయాలి, జాకెట్‌కి తగలకూడదు.

## 9. పంపడం, అందుకోవడం

ముందు ఆమ్లం లేని పల్చటి కాగితంలో చుట్టండి, తర్వాత నీళ్లు చొరకుండా ప్లాస్టిక్ సంచి, రెండువైపులా పుస్తకం కన్నా కాస్త పెద్ద గట్టి అట్టలు, ఆపైన బబుల్ ర్యాప్. బుడగలు జాకెట్‌ని నేరుగా తాకితే గుండ్రటి అచ్చులు పడతాయి. పెట్టెలో వేసి ఊపితే కదలకూడదు. మూలలే ముందు నలుగుతాయి కాబట్టి అక్కడ ఎక్కువ మెత్త పెట్టండి.

మీకు పార్శిలు వస్తే, విప్పకముందు పెట్టెకి, విప్పాక పుస్తకానికి ఫోటోలు తీయండి. కత్తితో లోతుగా కోయకండి, బ్లేడు జాకెట్ దాకా వెళ్తుంది. వెంటనే అమ్మినవాడు రాసిన వర్ణన పక్కన పెట్టుకుని మూడో భాగంలోని వరుస ప్రకారం ఒక్కో లోపం సరిచూడండి. తేడా ఉంటే గడువు లోపలే, ఏ పేజీ, ఎంత కొలత అన్నది రాసి, ఫోటోతో పంపండి. సరిపోతే ఆ వర్ణనని, ధరని, ఎవరి దగ్గర కొన్నారో వివరాన్ని, కొన్న తేదీని విడి కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి. పుస్తకంలో దూర్చకండి, మామూలు కాగితం ఏళ్ల తరబడి ఉంటే ఎదుటి పేజీ మీద గోధుమ రంగు మరక దిగుతుంది.